రెండో తాళంచెవి

గోదావరిఖని
జూలై చివరి బుధవారం

బిడ్డా మమతా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఫోను చేస్తే నువ్వు "అత్తమ్మా" అంటావు, నేను "ఆ, బిడ్డా" అంటాను, ఆ పైన ఇద్దరికీ ఏడుపే. మీ మామ ఫోను గుంజుకొని "తిన్నవా" అని అడిగి పెట్టేస్తాడు. కాగితం మీదైతే ఏడుస్తూ కూడా రాసుకోవచ్చు. నాది మూడో తరగతి చదువు. ఒత్తులు పోతే నువ్వే పెట్టుకొని చదువుకో.

పక్క క్వార్టరు గట్టయ్యకు శ్రీరాంపూర్ గనిలో డ్యూటీ కదా, పోతూ పోతూ నస్పూర్‌లో మీ అన్న సదయ్య ఇంట్లో ఇస్తానన్నాడు. "ఇంటింటికి ఫోన్లుండంగ చిట్టీలేందత్తా, నేనేమన్న పావురాన్నా?" అని నవ్వాడు. నవ్వనీ.

రఘుపతి పోయి నేటికి యాభై రెండు రోజులు. పుట్టింట్లో నిద్ర చేయడానికని మీ అన్న నిన్ను తీసుకుపోయి ముప్పై రోజులు. మూడు రోజుల్లో వస్తావనుకున్నాను. రమ్మని అడగడం లేదు, ఊరికే రాస్తున్నాను.

మొన్న సోమవారం నువ్వు, వాడి దోస్తు మెకానిక్ జైపాల్ వచ్చి కారుకు తాడు కట్టి మంచిర్యాలకు తీసుకుపోయారు. నేను బయటికి రాలేదు. కోపం కాదు బిడ్డా. నా కొడుకు పోయింది ఆ కారులోనే కదా. ఛాతీలో ఏమనిపించిందో, బస్టాండు దగ్గర బండి పక్కకు ఆపి, బ్రేకు గుంజి, ఇంజను బంద్ చేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. డ్రైవరు పండుకున్నాడని వచ్చేపోయేవాళ్లందరూ అనుకున్నారు. అట్లా గంటసేపు. దాన్ని తాడు కట్టి గుంజుకుపోతుంటే ఎట్లా చూడను?

మీరు పోయినాక వాకిట్లోకి వచ్చాను. కారు నిలబడ్డ చోట నేల తెల్లగా ఉంది, చుట్టూ బొగ్గు దుమ్ము. కారు అంత పొడుగు, కారు అంత వెడల్పు తెలుపు. ఈ రోజు చూస్తే అది కూడా సగం నల్లబడింది.

మీ మామ సెకండ్ షిఫ్టుకు పోయినాక నేను రోజూ కారులో కూర్చునేదాన్ని. నీకు చెప్పలేదు. నా కొంగున ముడేసుకున్న తాళంచెవి పెట్టి ఒక్కసారి తిప్పితే ఇంజను లేవకముందే ముందర ఫ్యాను తిరిగేది. ఇంకోసారి తిప్పితే ఇంజను లేచి, పెద్దగా, చిన్నగా, పెద్దగా, చిన్నగా ఊపిరి తీసినట్టు చేసి ఆగిపోయేది. నేను కళ్లు మూసుకొని వినేదాన్ని. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే అట్లాగే వినేదాన్ని.

జైపాల్‌కు చెప్పు, బండిని మేమెవరమూ ముట్టుకోలేదు. ముసురు పట్టి తడిసింది, అంతే. బాగు కాకపోయినా ఏం కాదు. తెచ్చి దాని జాగాలో పెట్టమను.

ఇట్లు
సారలమ్మ, మీ అత్తమ్మ


నస్పూర్
ఆదివారం

అత్తమ్మకు,

మమత దండాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒత్తులన్నీ ఉన్నాయి. గట్టయ్య అన్న చాయ్ తాగుతూ "జవాబు గూడ నేనే మొయ్యాల్నా చెల్లె? గనిల బొగ్గు, బయట చిట్టీలు, నా బతుకంత మోసుడే" అన్నాడు. మా వదిన రెండో చాయ్ పోసింది.

బండి సంగతి. జైపాల్ స్టీరింగు కింద ఒక చిన్న మిషను తగిలించాడు. అది బండిలో ఉన్న ఒక్కొక్క భాగాన్నీ పేరు పెట్టి పిలుస్తుందట. బ్రేకులు పలికాయి, మీటర్లు పలికాయి, ఇంజను డబ్బా ఒక్కటే పలకలేదు. దాన్ని ఈసీఎం అంటారు, అందరూ డబ్బా అనే అంటారు. పెట్రోలు ఎంత పోవాలి, నిప్పు ఎప్పుడు పడాలి, ఫ్యాను ఎప్పుడు తిరగాలి అని ఇంజనుకు చెప్పేది అదే. అది సరిగ్గా చెప్పలేకపోతే ఫ్యాను ఊరికే తిరుగుతుంది, ఇంజను ఎగశ్వాస తీస్తుంది. నువ్వు విన్నది అదే అత్తమ్మా.

ఫ్యూజులు చూశాడు, వైర్లు చూశాడు, బ్యాటరీ మార్చి చూశాడు. చివరికి డబ్బా విప్పితే లోపల తడి. వాననీళ్లే. అద్దం కింది నుంచి కారి పడి ఉంటాయని అన్నాడు. ఎవరి తప్పూ కాదు. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

ఇంకో మాట చెప్పాడు, నీకు చెప్పాలనిపించింది. నడిపేవాడి కాలు ఎట్లాంటిదో ఆ డబ్బా మెల్లమెల్లగా నేర్చుకుంటుందట. దాన్నిబట్టి పెట్రోలు ఇస్తుందట. "రఘుపతిది మెత్తటి కాలు వదినా. పదో తరగతి కెల్లి చూస్తున్న. సైకిలైనా గంతే. వాడు యాక్సిలేటర్ తొక్కడు, నిమురుతడు" అన్నాడు. ఆ మాట అన్నాక పానా తీసుకొని బండి కిందికి దూరాడు, చాలాసేపు బయటికి రాలేదు.

కొత్త డబ్బా వేయాలి అంటున్నాడు. ముందు పాతది కరీంనగర్‌లో ఒకతను బాగు చేస్తాడేమో చూపిస్తానన్నాడు.

మామ దగ్గు తగ్గిందా?

నీ
మమత


గోదావరిఖని
ఆగస్టు, శనివారం

బిడ్డా మమతా,

డబ్బా మార్చొద్దు.

నువ్వు రాసింది మీ మామకు చదివి వినిపించాను. వాడి కాలు ఎట్లాంటిదో ఆ డబ్బాకు తెలుసునన్నావు కదా. అది చదివినప్పటి నుంచి నాకు ఇంకో పని తోచడం లేదు. కూర తరుగుతూ అదే, బట్టలు పిండుతూ అదే. వాడు ఎట్లా నడిపాడో నా దగ్గర లేదు, నీ దగ్గర లేదు, ఆ డబ్బాలో ఉంది.

నిన్న రెండు గంటలకు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. అరల మీద గిన్నెలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకే కునుకు పట్టింది నాకు, గడపలోనే ఒరిగాను. కలలో మన కారు గోదావరి నీళ్ల అడుగున పోతున్నది. రోడ్డు మీద పోయినట్టే పోతున్నది. అద్దాలకు చేపలు వచ్చి మూతులు ఆనించి చూస్తున్నాయి. పై నుంచి బొగ్గు దుమ్ము వాన చినుకుల్లాగ మెత్తగా దిగుతుంటే వైపర్లు దాన్ని అటు ఇటు జరుపుతున్నాయి. నేను వెనక సీట్లో ఉన్నాను. ముందు సీట్లో ఎవరూ లేరు, స్టీరింగు మాత్రం మలుపు వచ్చినప్పుడల్లా మెల్లగా తిరుగుతున్నది. భయం వేయలేదు. "అవ్వా, అద్దం ఎత్తాల్నా, సలి పెడ్తున్నదా?" అని వినిపించింది. "వద్దు బిడ్డా, గిట్లనే మంచిగున్నది" అన్నాను.

మేలుకునేసరికి పక్కింటి కనకవ్వ నా భుజం పట్టి ఊపుతున్నది. "ఏందే సారలమ్మా, గడపల పండుకున్నవ్, లోపల జాగ లేదా?" అంటూ. ఇంకొంచెం సేపు ఆ నీళ్లలోనే ఉండాలనిపించింది.

జైపాల్‌ను అడుగు. పాలు ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెలోకి పోసినట్టు, పాత డబ్బాలో ఉన్నది కొత్త డబ్బాలోకి పోయడానికి రాదా? వస్తే మార్చమను. రాకపోతే ముట్టుకోవద్దను.

నీకు ఇష్టమని చింతకాయ తొక్కు గట్టయ్యతో పంపుతున్నాను. దారిలో వాడు మూత తీస్తాడు, తీస్తే నాకు రాయి.

సారలమ్మ


నస్పూర్
వినాయక చవితి తెల్లారి

అత్తమ్మా,

తొక్కు చేరింది. మూత తీయలేదు, సీసానే కొంచెం తేలికైనట్టు ఉంది.

కరీంనగర్ నుంచి డబ్బా తిరిగి వచ్చింది. లోపలి పలక మీద సన్నటి దారులు ఉంటాయి, అవి చిలుము పట్టి తెగిపోయాయట. అందులో ఏమున్నదో చదవడం కూడా కాలేదు. పోయడానికి రాదు అత్తమ్మా. నేను రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగబోతే జైపాల్ "వదినా, వచ్చేటిదైతే నువ్వు అడగకముందే చేస్తుంటి" అన్నాడు.

కొత్త డబ్బా హైదరాబాదు నుంచి వచ్చేసింది. అది పసిపిల్ల లాంటిది, దానికేమీ తెలియదు. ముందు ఈ రకం బండి ఇది అని చెప్పాలట, తర్వాత తాళంచెవులను చూపించాలట. రెండు తాళంచెవులూ ఒకే రోజు ఉండాలి. ఆ రోజు చూపించని తాళంచెవిని బండి గుర్తుపట్టదు. తలుపు తీస్తుంది గానీ ఇంజను లేవదు. ఒకటి నా దగ్గర ఉంది. రెండోది నీ కొంగున ఉంది. అక్టోబరు మొదటి శుక్రవారం పెట్టుకుందామన్నాడు. నువ్వు రావాలి.

ఎందుకింత జల్దీ అంటావేమో. చెప్పాలి, ఇన్నాళ్లూ దాచాను. నాకు డ్రైవింగు వస్తుంది. పోయిన ఏడాది ఆదివారాలు ఓపెన్‌కాస్టు మట్టిదిబ్బల వెనక ఖాళీ రోడ్డు మీద నీ కొడుకే నేర్పాడు. మార్చిలో లైసెన్సు వచ్చింది. "అవ్వకు చెప్పకు, బుగులు పడ్తది" అన్నాడు. ఇక్కడి నుంచి చెన్నూరు వైపు బడికి పోయే టీచరమ్మలు నలుగురు ఉన్నారు. బస్సు వేళ వాళ్లకు కలవదు. దసరా సెలవులు అయ్యాక రోజూ తీసుకుపోయి తీసుకురావడానికి ఆడ డ్రైవరు కావాలంటున్నారు. నేను వస్తానని మాటిచ్చాను. అన్న ఇంట్లో నన్నెవరూ ఏమీ అనడం లేదు. అయినా పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియకుండా కూర్చోవడం నాకు చేతకావడం లేదు.

నీ మాట కోసం చూస్తాను.

మమత


గోదావరిఖని
సోమవారం

మమతా,

చదివాను.

వాడు తల వాల్చిన స్టీరింగు అది. వాడు కూర్చున్న సీటు అది. అందులో నువ్వు కూర్చొని ఊరి వాళ్లను ఎక్కించుకొని తిరుగుతావా? మొగుడు పోయి నాలుగు నెలలు కాలేదు. కనకవ్వ విన్నదంటే ఈ లైనులో ఇరవై ఇళ్లకు చెప్తుంది. వాడు నీకు నేర్పాడు, నాకు చెప్పొద్దన్నాడు. ఇద్దరూ కలిసి దాచారు. నాకంటూ ఆ బండిలో ఏం మిగిల్చారు మీరు? ఊపిరి ఒకటి మిగిలింది అనుకున్నాను, అది కూడా డబ్బా చెడిపోయిన చప్పుడు అని రాశావు.

తాళంచెవి నా దగ్గర లేదు. కొంగు ముడి ఊడి ఎక్కడో పడిపోయింది. వెతకను.

సారలమ్మ


నస్పూర్
గురువారం

అత్తమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. మీ మనసు నొప్పించినందుకు మన్నించండి. అనుకున్నట్టే వచ్చే వారం శుక్రవారం మంచిర్యాలలో జైపాల్ షెడ్డులో డబ్బా మారుస్తారు. ఉన్న ఒక్క తాళంచెవితోనే పని కానిస్తారు.

మామగారికి నా దండాలు చెప్పండి.

మమత


గోదావరిఖని
సెప్టెంబరు చివర, ఆదివారం

బిడ్డా,

నన్ను "మీరు" అన్నావు. పెళ్లయిన ఆరేళ్లలో ఒక్కనాడు అనలేదు. ఆ కాగితం మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను.

మీ మామకు చూపించాను. డ్యూటీకి పోవడానికి బూట్లు వేసుకుంటున్నాడు. చదవడానికి కళ్లద్దాలు లేవంటే నేనే చదివాను. అంతా విని, బూటు తాడు కట్టుకుంటూ అన్నాడు, "ముప్పై నాలుగేండ్ల సంది ల్యాంపు రూముల ల్యాంపు తీసుకొని దిగుతున్న. ఏనాడన్న ల్యాంపు పని చెయ్యకపోతే పాతదాన్ని పట్టుకొని ఆడ్నే కూసున్ననా? ఇంకోటి ఇయ్యిమంట, దిగుత. దిగెటోడు దిగాల్నే గదనే." అని టిఫిను డబ్బా తీసుకొని పోయాడు. కొడుకు పోయినాక ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు. గేటు దగ్గర ఆగి వెనక్కి రాకుండానే "పిల్లకు కోపంగ రాయకు" అన్నాడు.

ఇప్పుడు నేను రాయబోయేది ఆయనకు కూడా తెలియదు.

బండి వాననీళ్లకు చెడిపోలేదు బిడ్డా. నేను చెడగొట్టాను.

పదకొండో రోజు గుర్తుందా. ఇల్లంతా కడిగాము. వాడు పండుకున్న మంచం, వాడి పరుపు, వాడి చెప్పులు, వాడు ముట్టిన గిన్నెలు, అన్నీ పసుపు నీళ్లతో కడిగాము. కనకవ్వ "వాడు ముట్టిందల్ల కడగాలె, మైల ఉండొద్దు" అంటూ వెంట తిరిగింది. సాయంత్రం నువ్వు స్నానానికి పోయావు, చుట్టాలు భోజనాల దగ్గర ఉన్నారు. నేను వాకిట్లోకి వచ్చి కారును చూశాను. అందరికంటే ఎక్కువ వాడు ముట్టింది దాన్నే కదా. పైన కడిగాను. తర్వాత రోజూ పొద్దున వాడు ముందర మూత ఎత్తి చూసేవాడని యాదికొచ్చింది. వాడు చేసినట్టే లోపల గుంజి మూత ఎత్తాను. లోపలంతా బొగ్గు దుమ్ము. పెళ్లయినప్పటి నుంచి మీ మామ గని బట్టలు ఉతికిన చేతులు ఇవి. నలుపు కనిపిస్తే ఊరుకోవు. రెండు బిందెల పసుపు నీళ్లు పోశాను. కొబ్బరి పీచుతో మూలమూలకు రుద్దాను. నల్లటి నీళ్లు కారి కారి చివరికి పసుపు నీళ్లే వచ్చాయి. ఆ రోజు మొత్తంలో నా మనసుకు నెమ్మది అయింది అప్పుడే. నా కొడుకు బండిని శుభ్రం చేసి పంపినట్టు అనిపించింది.

మూడో రోజుకు ఫ్యాను ఊరికే తిరగడం మొదలుపెట్టింది. నాకు తెలిసిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా ఆ చప్పుడులో వాడున్నాడని నన్ను నేనే నమ్మించుకున్నాను. చెడగొట్టింది నేను అనడం కంటే వాడు పిలుస్తున్నాడు అనుకోవడం నాకు సులువు.

నీ ఉత్తరంలో డబ్బాకు వాడి కాలు తెలుసు అని చదివినప్పుడు నాకేమైందో ఎట్లా రాయను? వాడు ఇన్నేళ్లూ దానికి నేర్పింది నేను రెండు బిందెలతో కడిగేశాను. కన్నదాన్ని నేను, కడిగేసిందీ నేనే.

నీ మీద కోప్పడితే ఇది కనబడదు అనుకున్నాను.

తాళంచెవి పోలేదు. కొంగుకే ఉంది. రాస్తుంటే బల్లకు తగిలి చప్పుడవుతున్నది.

సారలమ్మ


నస్పూర్
మంగళవారం

అత్తమ్మా,

నువ్వు. నువ్వే. ఇంకెప్పుడూ మీరు అనను.

నాకు తెలుసు. జూలైలోనే తెలుసు. జైపాల్ డబ్బా విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. లోపల మూలల్లో పసుపు గడ్డకట్టి ఉంది, ఆకుపచ్చ పలక మీద పసుపు మరక. "గిదేంది వదినా, పసుపా?" అన్నాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు వాళ్లింట్లోనూ అన్నీ కడిగారు కదా, అతనికే తట్టింది. కాసేపు దాన్ని చేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. తర్వాత మూత పెట్టి అన్నాడు, "వాననీళ్లు అని రాయి. అవ్వకు గిది తెల్వద్దు."

అందుకే వాన అని రాశాను. నువ్వూ వాన అనే రాశావు. ఇద్దరం ఒకే అబద్ధం ఎట్లా రాసుకున్నామో అని నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

ఒకటి చెప్తాను విను. నువ్వు కడిగింది నీ కొడుకు కాలును కాదు. జైపాల్ దగ్గర గట్టిగా అడిగి తెలుసుకున్నాను. ఆ డబ్బాలో ఉండే జ్ఞాపకం అంత పెద్దదేం కాదట. బ్యాటరీ తీసి పెడితే చాలా బండ్లలో దానంతట అదే పోతుందట, మళ్లీ నేర్చుకుంటుందట. పోయిన ఎండాకాలం బ్యాటరీ మార్చినప్పుడు నీ కొడుకు నేర్పింది ఒకసారి పోయే ఉంటుంది. మళ్లీ నేర్పి ఉంటాడు. ఎవరికీ చెప్పకుండా, రోజూ నడుపుతూ.

మట్టిదిబ్బల వెనక నాకు నేర్పేటప్పుడు ఏమనేవాడో తెలుసా? నేను గట్టిగా తొక్కితే "అమ్మా తల్లీ, అది బండి, మీ అన్న సదయ్య కాదు, గట్ల తొక్కకు" అనేవాడు. నా కుడి పాదం మీద తన చేయి పెట్టి "గింతే, గింతే" అని నొక్కేవాడు. అది నా పాదానికి తెలుసు అత్తమ్మా. డబ్బాలో లేకపోయినా.

శుక్రవారం పది గంటల బస్సుకు రా. మంచిర్యాల బస్టాండులో ఉంటాను. తాళంచెవి తెస్తావో లేదో నీ ఇష్టం. నువ్వు రా.

మమత


గోదావరిఖని
అక్టోబరు, ఆదివారం

బిడ్డా మమతా,

శుక్రవారం నువ్వు నా పక్కనే ఉన్నావు, నీకు తెలియంది ఏముంది. అయినా రాస్తున్నాను. అక్కడ నేను ఎక్కువ మాట్లాడలేదు కదా.

బస్సు గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే కిటికీలోంచి నీళ్లను చూశాను. కలలో కారు పోయింది ఈ నీళ్ల కిందనే. పైన ఎండ ఉంది, నీళ్లు నిండుగా, తొందర లేకుండా పోతున్నాయి. ఇంకా నేను ఆ కలలోనే పోతున్నానేమో అనిపించింది. కండక్టరు "మంచిర్యాలేనా అవ్వా" అంటే ఉలిక్కిపడ్డాను.

షెడ్డులో జైపాల్ నాకు స్టూలు వేశాడు. నా మొఖం చూడకుండా స్క్రూలు ఏరుకుంటున్నాడు పాపం. నేనే అన్నాను, "జైపాలూ, పసుపు నేనే పోసిన." వాడు "మా అవ్వయితే సర్ఫు గూడ ఏస్తుండె" అన్నాడు. అప్పుడు వాడు నా మొఖం చూశాడు.

పాత డబ్బాను నా చేతిలో పెట్టాడు. కొబ్బరి చిప్పంత బరువు లేదు. ఇంత తేలికైన దాంట్లో నా కొడుకు ఉన్నాడని రెండు నెలలు కొట్లాడానా అనిపించింది. "ఇంటికి కొండవోతవా అవ్వా?" అని అడిగాడు. "ఎవలకన్న పనికొస్తదా?" అన్నాను. "దీని పిన్నులు మంచిగున్నయి. ఇంకో బండికి ఏస్త" అన్నాడు. ఇచ్చేశాను. నువ్వు నా వైపు చూశావు, నేను షెడ్డు రేకుల వైపు చూశాను.

కొత్తది బిగించాక నీ తాళంచెవి పెట్టాడు. మీటర్ల మధ్య చిన్న తాళం బొమ్మ వెలిగి, టకటక కొట్టుకొని, ఆరిపోయింది. "ఒకటి అయింది. రెండోది" అన్నాడు, ఎవరినీ చూడకుండా. నా కొంగు ముడి నాకే ఊడలేదు. నువ్వు ఊడదీశావు. "అవ్వా, నువ్వే కూసో, నువ్వే తిప్పు" అన్నాడు జైపాల్. ఆ సీట్లో ఎన్నిసార్లు కూర్చున్నా కళ్లు మూసుకొనే కూర్చున్నాను. ఆ రోజు తెరిచి కూర్చున్నాను. తిప్పాను. బొమ్మ వెలిగింది. ఎంతసేపు వెలిగిందో! ఆరిపోయాక "నన్ను గుర్తువట్టిందా?" అని అడిగాను. "నిన్ను కాదవ్వా, తాళాన్ని" అన్నాడు వాడు. నువ్వు నవ్వావు. జూన్ నుంచి నీ నవ్వు వినలేదు. నాకూ వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నాను.

తర్వాత ఇంజను లేపి పది నిమిషాలు ఎవరూ ఏమీ ముట్టుకోవద్దన్నాడు. దానంతట అది కుదురుకోవాలట. ముగ్గురం ఊరికే నిలబడ్డాము. మొదట కొంచెం ఎక్కువ తక్కువ అయింది. నా గుండె దానితోపాటే లేచి పడింది. మెల్లగా ఒక్కతీరుగా వచ్చింది. ఒక్కతీరుగా ఉన్న ఆ చప్పుడులో ఏ ఊపిరీ లేదు, ఎవరి పిలుపూ లేదు. ఉత్త ఇంజను. ఎంత చల్లగా ఉంది వింటుంటే.

నన్ను ఇంటికి నువ్వే తీసుకొచ్చావు. షెడ్డు దాటేటప్పుడు బండి రెండుసార్లు కుదిపింది. "కొత్త డబ్బా అత్తమ్మా, నా కాలు ఇంకా నేర్సుకోలే" అన్నావు. నస్పూర్ దాటాము, శ్రీరాంపూర్ దాటాము. బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి కుదుపు లేదు. నేను నీ పాదాన్నే చూస్తూ కూర్చున్నాను. నీకు చెప్పలేదు.

నువ్వు దించి వెళ్లిపోయాక కనకవ్వ వచ్చింది. "మమతనేనా బండి నడిపింది? నిజంగనేనా?" అని. "నువ్వు సూడలేదా?" అన్నాను. "సూసిన గాని" అంది. "సూస్తే ఇంకేంది మరి" అన్నాను. తలుపు వేసుకోలేదు, కూర్చోబెట్టి చాయ్ పోశాను. ఇరవై ఇళ్లకు ఆమెనే చెప్పనీ, నాకు నడిచే పని తప్పుతుంది.

సారలమ్మ


నస్పూర్
దసరా అయ్యాక, బుధవారం

అత్తమ్మా,

మూడు రోజులైంది పోయి రావడం మొదలుపెట్టి. పొద్దున ఏడున్నరకు నలుగురు టీచరమ్మలూ కాలనీ గేటు దగ్గర ఉంటారు. మొదటి రోజు పెద్ద టీచరమ్మ ముందు సీట్లో కూర్చొని దారి పొడుగునా డాష్‌బోర్డు పట్టుకుంది. నిన్న పట్టుకోలేదు. ఈ రోజు నిద్రపోయింది.

బడి దగ్గర వాళ్లను దించాక సాయంత్రం దాకా ఖాళీ. చింత చెట్టు కింద ఆపుకొని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒక మాట అడగాలని ఉంది, ఫోనులో అడగలేను. నేను మళ్లీ ఆ ఇంటికి వస్తే, ఈ పని చేసుకుంటూనే వస్తే, నీకు కష్టంగా ఉంటుందా? అక్కడి నుంచి పొద్దున ఇంకో గంట ముందు బయలుదేరాలి, అంతే. ఆలోచించి రాయి.

మమత


గోదావరిఖని
గురువారం పొద్దున

బిడ్డా,

ఆలోచించడానికి ఏమీ లేదు. ఐదింటికి లేచి నీకు డబ్బా కడతాను. మీ మామకు ఫస్ట్ షిఫ్టు వారం కట్టేదే కదా, ఇంకో డబ్బా ఎంత పని.

ఆదివారం సామాను తెచ్చుకో. సోమవారం మీ మామకు మంచిర్యాల దవాఖానలో కళ్ల పరీక్ష. బస్సుకు పోదామన్నాడు. మన కారులో పోదాం, టీచరమ్మలను దించి మమత వచ్చి తీసుకుపోతుంది అన్నాను. ఆయన పోయి ఇస్త్రీ చొక్కా బయటికి తీసి పెట్టుకున్నాడు, ఇంకా నాలుగు రోజులుండగానే.

వాకిట్లో కారు నిలిపే చోట చీపురుతో ఊడ్చాను. నీళ్లు చల్లలేదు. మనుషుల మీద నమ్మకం ఉంది గానీ నా చేతుల మీద ఇంకా లేదు.

లైనులోకి వచ్చేటప్పుడు హారను కొట్టకు. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పండుకొని ఉంటారు. నేను వాకిట్లోనే నిలబడి ఉంటాను, చూసి మెల్లగా తిప్పు.

గట్టయ్య "ఇదే ఆఖరు చిట్టీనా అత్తా? గిప్పుడిప్పుడే అలవాటైతున్నది" అంటున్నాడు. ఆఖరుదే అన్నాను.

మీ అత్తమ్మ